ఫైళ్లన్నీ వచ్చాయి, పర్మిషన్లు రాలేదు

ప్రశ్న: సార్, గుంటూరులో ఒక ఆడిటర్ల ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటాను. పార్టనర్లు, స్టాఫ్, ఆర్టికల్స్ (సీఏ శిక్షణలో ఉన్నవాళ్లు) అందరూ కలిపి 34 మందిమి. ఫైల్ సర్వర్ పాతబడింది, అందులో విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉంది. కొత్త మెషిన్ కొని విండోస్ సర్వర్ 2022 వేశాం. రెండూ ఒకే డొమైన్‌లో, అంటే అందరి లాగిన్లనూ ఒకేచోట చూసుకునే ఏర్పాటులో ఉన్నాయి. శనివారం రాత్రి డేటా ఫోల్డర్ మొత్తం కాపీ, పేస్ట్ చేశాను. సైజు కూడా సరిపోయింది. సోమవారం పొద్దున అందరినీ కొత్త సర్వర్‌కి మార్చేశాను. నిన్న సాయంత్రం ఆర్టికల్స్‌లో ఒక అమ్మాయి వచ్చి, "జీతాల ఫోల్డర్ నాకు ఓపెన్ అవుతోందండీ, కావాలనే ఇచ్చారా?" అని అడిగింది. చూస్తే అందరికీ ఓపెన్ అవుతోంది. ఇంకోపక్క ఆర్టికల్స్ తాము చేసిన పాత ఎక్సెల్ షీట్లు తామే సేవ్ చేయలేక, వేరే పేర్లతో సేవ్ చేసుకుంటున్నారు. మళ్లీ మొదటి నుంచి కాపీ చేద్దామంటే రెండు రోజుల పని కొత్త సర్వర్‌లో చేరిపోయింది. ఫైళ్లను ముట్టుకోకుండా పర్మిషన్లు ఒక్కటే తేవడం కుదురుతుందా? ఇంకొకటి, ప్రతి ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం ఫోల్డర్ తయారుచేసి, 140 క్లయింట్ ఫోల్డర్లకు చేత్తో పర్మిషన్లు పెడుతున్నాను. దీనికేమైనా దారి ఉందా? జీతాల సంగతి పార్టనర్‌గారికి చెప్పాలా వద్దా అని టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు.

సమాధానం: కుదురుతుంది. ఎవరి పనీ పోదు, ఎక్సెల్ షీట్లలో ఒక్క అంకె మారదు. పాత సర్వర్ ఇంకా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను. దాన్ని ఫార్మాట్ చేయకండి, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. మీ పర్మిషన్లు ఈ క్షణాన అందులో తప్ప ఇంకెక్కడా లేవు.

ఈ సమాధానం చివరిదాకా చదివేలోపే చేయాల్సిన పని ఒకటుంది. కొత్త సర్వర్‌లో జీతాల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లండి. అక్కడ 'డిసేబుల్ ఇన్‌హెరిటెన్స్' అనే బటన్ ఉంటుంది. నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. పై నుంచి వచ్చినవాటిని ఈ ఫోల్డర్ సొంతవిగా మార్చే మొదటి దారి ఎంచుకోండి. తర్వాత లిస్టులో 'యూజర్స్' అని ఉన్న వరుసలన్నీ తీసేసి, జీతాలు చూడాల్సిన ఇద్దరు ముగ్గురిని చేర్చండి. 'సిస్టమ్', 'అడ్మినిస్ట్రేటర్స్' వరుసల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ షీట్ ఇప్పటికే తెరిచి పెట్టుకున్నవాళ్లకు మూసేదాకా కనిపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద 'ఓపెన్ ఫైల్స్' చూసి, అక్కడి నుంచి మూసేయండి. పార్టనర్ల సొంత ఫోల్డర్ ఉంటే దానికీ ఇదే. పది నిమిషాల పని. అసలు రిపేరు రాత్రికి చేద్దాం, ఇది మాత్రం ఇప్పుడే.

ఇక జరిగింది ఏమిటో చూద్దాం. మనం కాపీ అంటాం గానీ, సర్వర్ లెక్కలో అక్కడ ఒక కొత్త ఫైలు పుడుతోంది. లోపలి సరుకు పాతదే, పుట్టుక మాత్రం కొత్తది. కొత్తగా పుట్టిన ఫైలు తన పర్మిషన్లను తానున్న ఫోల్డర్ నుంచి తీసుకుంటుంది. ఆ ఫోల్డర్ తనపై ఫోల్డర్ నుంచి, అది డ్రైవ్ నుంచి తీసుకుంటాయి. ఇల్లు మారేటప్పుడు సామానంతా లారీ ఎక్కుతుంది, పాత ఇంటి తలుపుల తాళాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి కదా, అలాగన్నమాట.

దీన్ని కళ్లారా చూడొచ్చు. రెండు సర్వర్లలోనూ జీతాల ఫోల్డర్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండో తెరిచి పక్కపక్కన పెట్టండి. 'ఇన్‌హెరిటెడ్ ఫ్రమ్' అని ఒక కాలమ్ ఉంటుంది. పాత సర్వర్‌లో ఆ కాలమ్‌లో 'నన్' అని ఉంటుంది, అంటే ఆ వరుస ఎవరో కూర్చుని పెట్టింది. కొత్త సర్వర్‌లో, ఇందాక మీరు ముట్టుకోని ఏ ఫోల్డర్ చూసినా అన్ని వరుసల్లోనూ డి డ్రైవ్ పేరే ఉంటుంది. కొత్తగా ఫార్మాట్ చేసిన డ్రైవ్‌కి విండోస్ కొన్ని పర్మిషన్లు తానే పెట్టి ఇస్తుంది: అడ్మినిస్ట్రేటర్లకు పూర్తి అధికారం, 'యూజర్స్' గ్రూపుకి అన్నీ చదివే హక్కు, కొత్త ఫైళ్లు, ఫోల్డర్లు చేసుకునే హక్కు, ఏ ఫైలు ఎవరు చేస్తే దాని మీద వాళ్లకు పూర్తి అధికారం. డొమైన్‌లో ఉన్నవాళ్లంతా ఆ 'యూజర్స్' గ్రూపులోకే వస్తారు. అందుకే జీతాలు అందరికీ కనిపించాయి.

ఆర్టికల్స్ సమస్యకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పాత సర్వర్‌లో ఆ షీట్ల ఓనర్ ఆ అబ్బాయో అమ్మాయో. మీరు అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి పేస్ట్ చేశారు, అంటే కొత్త సర్వర్‌లో వాటిని పుట్టించింది మీరు, ఓనర్ అడ్మినిస్ట్రేటర్స్. ఆర్టికల్స్‌కి చదివే హక్కు మిగిలింది, మార్చే హక్కు పోయింది. కొత్త పేరుతో సేవ్ చేస్తే మాత్రం అది వాళ్లు పుట్టించిన ఫైలు అవుతుంది కాబట్టి నడుస్తుంది. మీరు రాసిన లక్షణాలు రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవే.

ఇలాంటప్పుడు చాలామంది చేయి ఒకే చోటికి వెళ్తుంది. పై ఫోల్డర్‌కి పర్మిషన్లు సరిచేసి, అదే విండోలో అడుగున ఉన్న 'రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్...' అనే పెట్టెలో టిక్ పెట్టి ఓకే కొట్టేయడం. దయచేసి ఆ పని చేయొద్దు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇది జరిగింది. కింద ఉన్న వందల ఫోల్డర్లలో ఏళ్ల తరబడి ఒక్కొక్కరి కోసం పెట్టిన పర్మిషన్లన్నీ నాలుగు నిమిషాల్లో పైదానిలా మారిపోయాయి. పాత లిస్టు ఎక్కడా దాచలేదు. తర్వాత మూడు వారాలు, ఒక్కో డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికీ వెళ్లి "మీ ఫోల్డర్ ఎవరెవరు చూడాలి?" అని అడిగి రాసుకున్నాం. సగం మందికి గుర్తు లేదు. అప్పటి నుంచి పర్మిషన్ల మీద చేయి వేసే ముందు వాటి కాపీ ఒకటి తీసిపెట్టనిదే నేను కదలను.

మీరూ అదే చేయండి. దానికి విండోస్‌లోనే ఐక్యాకల్స్ అనే కమాండ్ ఉంది, ఐ, సి, ఎ, సి, ఎల్, ఎస్ అని ఆరు అక్షరాలు. కమాండ్లను పలికినట్టే రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి. కొత్త సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి:

ఐక్యాకల్స్ డి:\డేటా\* /సేవ్ సి:\పర్మిషన్లు.టీఎక్స్‌టీ /టి /సి

పాత సర్వర్‌లోనూ ఇలాగే ఒకటి తీయండి. ఏదైనా తేడా చేస్తే ఇదే కమాండ్‌లో 'సేవ్' బదులు 'రిస్టోర్' వాడి వెనక్కి తెచ్చుకోవచ్చు. అప్పుడు నక్షత్రం గుర్తు లేకుండా ఫోల్డర్ పేరు మాత్రమే ఇవ్వాలి. ఈ ఫైలు ఎవరికి ఏ హక్కు అన్నది మాత్రమే దాస్తుంది, ఓనర్ ఎవరన్నది దాయదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి గానీ సేవ్ కొట్టకండి. అక్షరాల ఎన్‌కోడింగ్ మారితే రిస్టోర్ పనిచేయదు.

రాత్రి పని మొదలుపెట్టే ముందు పాత సర్వర్‌లో ఇంకొకటి పరీక్షించాలి, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. పర్మిషన్ల లిస్టులో మనకు పేర్లు కనిపిస్తాయి గానీ, డిస్క్ మీద పేర్లు ఉండవు. మనం చేసే ప్రతి అకౌంట్‌కీ, ప్రతి గ్రూపుకీ ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంటుంది, దాన్ని సిడ్ అంటారు. డిస్క్ మీద ఉండేది అదే. 21 తర్వాత వచ్చే మూడు పెద్ద అంకెలు ఆ అకౌంట్ ఏ డొమైన్‌లో లేదా ఏ మెషిన్‌లో పుట్టిందో చెప్తాయి, చివరి అంకె ఆ అకౌంట్‌ది. డొమైన్‌లో పుట్టిన గ్రూపైతే ఏ దిగులూ లేదు, రెండు సర్వర్లూ దాన్ని గుర్తుపడతాయి. పాత సర్వర్‌లోనే, దాని లోకల్ గ్రూప్స్‌లో చేసిన గ్రూపైతే మాత్రం కొత్త సర్వర్‌కి అదెవరో తెలియదు. పర్మిషన్ కాపీ అవుతుంది గానీ పేరు ఉండాల్సిన చోట 'అకౌంట్ అన్‌నోన్' అని, పక్కన ఆ నంబరు కనిపిస్తుంది. దాంతో ఎవరికీ తలుపు తెరుచుకోదు.

అందుకని పాత సర్వర్‌లో ముఖ్యమైన ఫోల్డర్ల లిస్టు ఒకసారి చూడండి. గ్రూపు పేరు పక్కన బ్రాకెట్‌లో డొమైన్ పేరు ఉంటే వదిలేయండి. సర్వర్ పేరు ఉంటే, 'అడ్మినిస్ట్రేటర్స్', 'యూజర్స్' లాంటి పుట్టుకతో వచ్చే గ్రూపులు కాకపోతే, ఆగండి. ఆ రెండిటి నంబర్లు అన్ని విండోస్ మెషిన్లలోనూ ఒకటే, వాటితో పేచీ లేదు. మీరు సొంతంగా చేసిన లోకల్ గ్రూపు ఏదైనా దొరికితే డొమైన్‌లో అలాంటిదే ఒక గ్రూపు చేసి, అదే మనుషులను అందులో వేసి, పాత సర్వర్‌లోనే ఆ ఫోల్డర్ల మీద లోకల్ గ్రూపు పక్కన దీన్నీ చేర్చండి. అప్పుడు కాపీ చేస్తే కొత్త గ్రూపు కూడా వచ్చేస్తుంది. పాత నంబర్లను తీరిగ్గా తర్వాత తీసేసుకోవచ్చు.

మీకున్నట్టు డొమైన్ లేకుండా, ఏ మెషిన్ లాగిన్లు ఆ మెషిన్‌లోనే ఉండే ఉత్త వర్క్‌గ్రూప్‌తో నడుస్తున్న ఆఫీసులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఇది చదివే వాళ్లలో అలాంటివారుంటే ఒక్క మాట. రెండు మెషిన్లలోనూ 'రవి' అనే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో అకౌంట్ ఉన్నా, వాటి నంబర్లు వేరు. పర్మిషన్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసినా ఉపయోగం లేదు. ఐక్యాకల్స్‌తో సేవ్ చేసుకుని, రిస్టోర్ చేసేటప్పుడు 'సబ్‌స్టిట్యూట్' అనే మాటతో పాత నంబరు, దాని బదులు వేయాల్సిన కొత్త నంబరు ఇవ్వాలి. పది మంది ఉన్న ఆఫీసైతే చేత్తో పెట్టుకోవడమే సుఖం.

ఇప్పుడు అసలు పని. ఆఫీసు మూసేశాక, రాత్రి బ్యాకప్ పూర్తయ్యాక మొదలుపెట్టండి. పాత సర్వర్ షేర్‌ని ఆ పాటికే అందరికీ చదివే హక్కు మాత్రమే ఉండేలా మార్చేయండి, పాత షార్ట్‌కట్ పట్టుకుని ఎవరూ అక్కడ పొరపాటున సేవ్ చేయకుండా. ఆ మార్పు షేర్ మీదే చేయండి, అక్కడి ఫోల్డర్ల సెక్యూరిటీని కదపొద్దు.

మనం వాడేది రోబోకాపీ. అది విండోస్‌తోనే వస్తుంది, డౌన్‌లోడ్ చేసుకునే పని లేదు. కొత్త సర్వర్‌లో కూర్చుని ఇలా కొట్టండి, అంతా ఒకే వరుసలో:

రోబోకాపీ \\పాతసర్వర్\డి$\డేటా డి:\డేటా /ఇ /కాపీ:ఎస్ఓ /సెక్‌ఫిక్స్ /ఎక్స్ఓ /ఎక్స్ఎన్ /ఎక్స్‌సి /ఎక్స్ఎల్ /బి /ఆర్:1 /డబ్ల్యూ:1 /యూనిలాగ్:సి:\రోబో.టీఎక్స్‌టీ /ఎల్

దీన్ని గుడ్డిగా కొట్టకండి, ఒక్కోటి ఏం చేస్తుందో తెలిసి కొట్టండి. పాత దారిలో 'డి డాలర్' అని రాశాను. అది అడ్మినిస్ట్రేటర్ల కోసం విండోస్ పెట్టే దాపుడు షేర్, మామూలు షేర్‌కి మీరిప్పుడే వేసిన కట్టుబాటు దానికి అడ్డం రాదు. 'ఇ' అంటే ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ. 'కాపీ' పక్కన మామూలుగా డి, ఎ, టి అని ఉంటాయి, అంటే డేటా, అట్రిబ్యూట్లు, తేదీలు. మనం వాటిని తీసేసి ఎస్, ఓ మాత్రమే పెట్టాం, అంటే సెక్యూరిటీ, ఓనర్. డేటా అనే 'డి' లేదు కాబట్టి ఫైలు లోపలి సరుకు ప్రస్తావనే లేదు. 'సెక్‌ఫిక్స్' ఈ కమాండ్‌కి ప్రాణం. మామూలుగా రోబోకాపీ రెండు వైపులా ఒకేలా ఉన్న ఫైలును చూస్తే దాటేసి వెళ్లిపోతుంది, దాని పర్మిషన్ కూడా చూడదు. చాలామంది "సెక్యూరిటీ పెట్టాను, అయినా రాలేదు" అనేది ఇందుకే. దాటేసిన ఫైళ్లకు కూడా పర్మిషన్ సరిచేయమని చెప్పేదే సెక్‌ఫిక్స్.

'ఎక్స్' తో మొదలయ్యే నాలుగూ కాపలావాళ్లు. పాత సర్వర్‌లో ఉన్న ఫైలు పాతదైనా, కొత్తదైనా, సైజు మారినా దాని సరుకు జోలికి పోవద్దని మొదటి మూడూ చెప్తాయి. పాత సర్వర్‌లో మాత్రమే ఉన్నదాన్ని తెచ్చి పెట్టొద్దని నాలుగోది చెప్తుంది. ఈ రెండు రోజుల్లో మీ వాళ్లు తీసేసిన ఫైలు మళ్లీ లేచి రాకుండా ఇది చూసుకుంటుంది. 'బి' అంటే బ్యాకప్ మోడ్, మీకే పర్మిషన్ లేని ఫోల్డర్లను కూడా అడ్మినిస్ట్రేటర్ హోదాలో చదవడానికి.

'ఆర్', 'డబ్ల్యూ' తప్పకుండా పెట్టండి. ఒక ఫైలు దొరక్కపోతే రోబోకాపీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మనం చెప్పకపోతే 10 లక్షల సార్లు, ఒక్కోసారికి 30 సెకన్లు ఆగి ఆగి. లెక్క వేస్తే ఒక్క ఫైలుకే దాదాపు 347 రోజులు. రాత్రి పెట్టి ఇంటికెళ్తే, పొద్దున వచ్చేసరికి మూడో ఫైలు దగ్గరే నిలబడి ఉంటుంది. ఒక్కసారి, ఒక్క సెకను అని చెప్తే దాటుకుని ముందుకెళ్తుంది, దొరకనివాటి పేర్లు లాగ్‌లో రాస్తుంది. లాగ్ అనకుండా 'యూనిలాగ్' అన్నది తెలుగు కోసం. క్లయింట్ల పేర్లు తెలుగులో ఉన్న ఫైళ్లు ఉంటే మామూలు లాగ్‌లో వరుసగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి, ఏ ఫైలో తెలుసుకునే దారే ఉండదు.

చివర 'ఎల్' అంటే ఏమీ చేయకుండా, చేయబోయేది మాత్రం రాసి చూపించమని. మొదటిసారి దానితోనే నడపండి. అడుగున ఒక చిన్న పట్టిక వస్తుంది. 'ఫైల్స్' వరుసలో 'కాపీడ్' కింద సున్నా ఉండాలి. సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆగిపోయి, కమాండ్‌లో ఏదో అక్షరం తప్పు పడిందని వెతకండి. పట్టిక సరిగ్గా ఉంటే, పాడైనా ఫర్వాలేదనుకునే చిన్న ఫోల్డర్ ఒకటి తీసుకుని, 'ఎల్' తీసేసి దాని మీద నడిపి, సెక్యూరిటీ విండో రెండు వైపులా పోల్చి చూడండి. ఆ తర్వాతే మొత్తానికి.

నెట్‌లో దొరికే చాలా కమాండ్లలో 'మిర్' అని ఒకటి కనిపిస్తుంది. మీరు ఉన్న స్థితిలో అది విషం. రెండు వైపులనూ అద్దంలా ఒకేలా చేయమని దాని అర్థం, అంటే పాత సర్వర్‌లో లేనిదాన్ని కొత్త సర్వర్‌లోంచి చెరిపేస్తుంది. మీ వాళ్లు రెండు రోజుల్లో కొత్తగా చేసిన ప్రతి షీటూ పోతుంది. రీసైకిల్ బిన్‌లో కూడా ఉండదు.

ఆ కొత్త షీట్ల సంగతి ఒకటి మిగులుతుంది. అవి పాత సర్వర్‌లో లేవు కాబట్టి రోబోకాపీ వాటికి ఏ పర్మిషనూ తేలేదు. లాగ్‌లో వాటి పేర్ల ముందు 'ఎక్స్‌ట్రా ఫైల్' అని ఉంటుంది. అంటే రెండు రోజుల్లో ఎవరు ఎక్కడ కొత్త ఫైలు చేశారో మీకు లిస్టు ఉచితంగా వచ్చేసినట్టే. వాటిలో ఒకదాని సెక్యూరిటీ తెరిచి చూడండి. డి డ్రైవ్ నుంచి వచ్చిన పాత వరుసలే ఇంకా ఉంటే, ఆ ఫైలు మీద ఐక్యాకల్స్‌ని '/రీసెట్' తో నడపండి. అది ఇప్పుడు సరిగ్గా ఉన్న తన ఫోల్డర్ నుంచి పర్మిషన్లు తీసుకుంటుంది. ఈ రీసెట్‌ని ఎక్స్‌ట్రా అని వచ్చినవాటికే వాడండి. డేటా ఫోల్డర్ మొత్తానికి వాడితే ఇప్పటిదాకా చేసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అదే లిస్టు పట్టుకుని, వేరే పేరుతో సేవ్ చేసిన షీట్లలో ఏది అసలుదో ఆర్టికల్స్‌నే అడిగి తేల్చుకోండి, ఆ పని మనం ఊహతో చేయకూడదు.

షేర్ పర్మిషన్లు వేరే లోకం. పైన చెప్పిందంతా డిస్క్ మీది పర్మిషన్లు. ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేసేటప్పుడు పెట్టేవి రిజిస్ట్రీలో ఉంటాయి, రోబోకాపీ వాటిని ముట్టుకోదు. నెట్‌వర్క్ మీద వచ్చే మనిషికి ఈ రెండూ దాటాలి, రెండిటిలో ఏది ఎక్కువ గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. మీకు నాలుగైదు షేర్లకు మించి ఉండవు, పాత సర్వర్‌లో 'నెట్ షేర్' అని కొట్టి పేర్లు చూసి కొత్తదాంట్లో చేత్తో పెట్టుకోండి. షేర్ దగ్గర డొమైన్‌లో లాగిన్ అయినవాళ్లకు మార్చే హక్కు ఇచ్చి, అసలు కట్టుబాట్లన్నీ ఫోల్డర్ సెక్యూరిటీలో పెట్టమని నా సలహా. రెండు చోట్లా తాళాలు వేస్తే, రేపు ఎవరికైనా తలుపు తెరుచుకోకపోతే ఏ తాళమో వెతకడానికి పూట పడుతుంది.

పరీక్ష చేసేటప్పుడు సర్వర్ ముందు కూర్చుని చేయకండి. అక్కడ షేర్ పర్మిషన్లు లెక్కలోకే రావు, పైగా మీరు అడ్మినిస్ట్రేటర్. మామూలు స్టాఫ్ డెస్క్ దగ్గరికి వెళ్లి, వాళ్ల లాగిన్‌తో, నెట్‌వర్క్ దారిలో చూడండి. మూడు చాలు: ఒక ఆర్టికల్ తన పాత షీట్ తెరిచి ఒక సెల్ మార్చి సేవ్ చేయగలగాలి, అదే మనిషికి జీతాల ఫోల్డర్ తెరుచుకోకూడదు, అకౌంట్స్ చూసేవారికి తెరుచుకోవాలి. ఎవరినైనా రాత్రి కొత్త గ్రూపులో చేర్చి ఉంటే వాళ్లు ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. గ్రూపుల లిస్టు లాగిన్ అయ్యే క్షణంలోనే మెషిన్ చేతికి అందుతుంది, మధ్యలో మార్చినా తెలియదు. ఈ ఒక్క సంగతి మర్చిపోయి గంటల తరబడి పర్మిషన్లు మళ్లీ మళ్లీ గెలికినవాళ్లను చూశాను.

ఇక మీ ఏప్రిల్ కష్టం. 140 ఫోల్డర్లకు ఏటా చేత్తో పర్మిషన్లు పెట్టడం ఇక ఆపేయండి. రోబోకాపీకి పాత సంవత్సరం ఫోల్డర్, కొత్త సంవత్సరం ఫోల్డర్ ఇచ్చి, '/ఇ /సెక్ /ఎక్స్ఎఫ్ *' అని పెట్టండి. 'సెక్' అంటే సెక్యూరిటీతో సహా, నక్షత్రం అంటే ఏ ఫైలైనా, 'ఎక్స్ఎఫ్' అంటే వదిలేయమని. ఫైళ్లు ఒక్కటీ రావు, ఫోల్డర్ల చెట్టు మాత్రం కొమ్మలతో సహా, ఒక్కో కొమ్మ మీది పర్మిషన్‌తో సహా దిగుతుంది. 140 ఫోల్డర్లకు నిమిషం కూడా పట్టదు. ఇంకా మంచిది, క్లయింట్ ఫోల్డర్లన్నీ ఖాళీగా ఉన్న 'నమూనా' చెట్టు ఒకటి పెట్టుకుని, ఏడాది మధ్యలో టీమ్ మారినప్పుడల్లా దాన్ని కూడా మార్చుకుంటూ ఉండటం. పోయిన ఏడాది ఎవరికో హడావిడిగా ఇచ్చిన తాత్కాలిక పర్మిషన్ కొత్త ఏడాదిలోకి పాకకుండా ఉంటుంది.

కొత్త సంవత్సరం ఫోల్డర్‌ని పాతది ఉన్న చోటే, ఒకే పై ఫోల్డర్ కింద పెట్టండి. పై నుంచి వచ్చిన పర్మిషన్ వరుసలు కాపీతో పాటు వస్తాయి గానీ, అవి కొత్త పై ఫోల్డర్‌తో పొసగకపోతే కొన్నాళ్లు ఊరికే ఉండి, ఎప్పుడో ఎవరో పై ఫోల్డర్‌లో ఏదో మార్చిన రోజున ఉన్నట్టుండి మాయమవుతాయి. అప్పటికి కారణం ఎవరికీ తట్టదు. ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌ని మౌస్‌తో లాగి ఇంకోచోట పడేసినప్పుడూ ఇదే చిక్కు. కాపీ చేస్తే కొత్త చోటి పర్మిషన్లు వస్తాయి, ఒకే డ్రైవ్‌లో మూవ్ చేస్తే పాతవి అంటుకునే ఉంటాయి. 2024-25 నుంచి 2025-26కి ఎవరైనా ఫోల్డర్ లాగి వేశారంటే దాన్ని ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకొక మాట, మనుషుల పేర్లు పర్మిషన్లలో పెట్టకండి. క్లయింట్ టీమ్‌కి ఒక గ్రూపు చేసి, ఫోల్డర్‌కి గ్రూపును ఇవ్వండి. ఆర్టికల్స్ వస్తుంటారు, మూడేళ్లకో రెండేళ్లకో వెళ్తుంటారు. గ్రూపులోంచి ఒక పేరు తీస్తే చాలు, 140 ఫోల్డర్లు తిరగక్కర్లేదు.

ఇదే ప్రశ్న లినక్స్ సర్వర్ల గురించి కూడా వస్తుంటుంది కాబట్టి రెండు ముక్కలు. అక్కడ ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌ని ఉత్త 'హైఫన్ ఎ' తో నడిపితే ఓనర్, గ్రూపు, మామూలు పర్మిషన్లు వస్తాయి గానీ, అదనంగా పెట్టిన ఏసీఎల్‌లు, అంటే ఒక్కొక్కరికీ వేరుగా ఇచ్చిన హక్కుల లిస్టులు రావు. పెద్ద 'ఎ', పెద్ద 'ఎక్స్' కూడా చేర్చాలి, రూట్‌గా, అంటే అక్కడి అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపాలి. ఫైళ్లు ఇప్పటికే వచ్చేసి ఉంటే, పాత సర్వర్‌లో ఫోల్డర్ లోపలికి వెళ్లి 'గెట్‌ఫాకల్ హైఫన్ పెద్ద ఆర్ చుక్క' అని లిస్టు ఒక ఫైలులోకి రాసుకుని, కొత్త సర్వర్‌లో అదే ఫోల్డర్ లోపల నిలబడి 'సెట్‌ఫాకల్ హైఫన్ హైఫన్ రిస్టోర్ ఈక్వల్స్' అని దాని పేరు ఇవ్వాలి. రెండు వైపులా యూజర్ల పేర్లు ఒకటే ఉండేలా ముందే చూసుకోవాలి.

పాత సర్వర్‌ని కనీసం నెల రోజులు, అంటే ఒక జీఎస్టీ రిటర్న్‌ల చక్రం పూర్తయ్యేదాకా, నెట్‌వర్క్ నుంచి పక్కకు తీసి ఉంచుకోండి. 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ కూడా 2023 అక్టోబర్ 10తోనే ముగిసింది, కాబట్టి రోజూ ఆన్‌లో ఉంచాల్సిన మెషిన్ కాదు. నెలకోసారి తెరిచే ఏదో ఫోల్డర్‌లో తేడా ఉంటే నెలాఖరుకి గానీ బయటపడదు, అప్పుడు చూసుకోవడానికి అది ఉండాలి.

పార్టనర్‌గారికి చెప్పాలా అని అడిగారు. చెప్పండి, ఈరోజే, రిపేరు అయ్యేదాకా ఆగకుండా. జీతాల ఫోల్డర్ సోమవారం పొద్దుటి నుంచి ఇవాళ మీరు మూసేదాకా అందరికీ తెరుచుకుందని, కారణం కాపీ చేసిన పద్ధతని, ఇప్పుడు మూసేశారని, రాత్రికి మిగతావి సరవుతాయని నాలుగు వాక్యాల్లో చెప్పండి. "ఎవరెవరు చూశారు?" అని అడుగుతారు. ఫైళ్లు ఎవరు తెరిచారో రాసుకునే ఆడిటింగ్ ముందే ఆన్ చేసి ఉంటే తప్ప సర్వర్ దగ్గర ఆ జవాబు ఉండదు, తెలియదని నిజమే చెప్పండి. ఆయనకు ఇది బయటి నుంచి తెలియకముందు మీ నోటి నుంచి తెలియాలి. మీ దగ్గరికి వచ్చి చెప్పిన ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పండి. చూసి ఊరుకోకుండా, నలుగురితో అనకుండా, నేరుగా మీ దగ్గరికి వచ్చి అడిగింది.